మా అమ్మాయి కళ్ళద్దాలు, కాంటాక్ట్ లెన్సులు: నా అనుభవం

మా అమ్మాయికి నాలుగో తరగతిలో కళ్ళద్దాలు వచ్చాయి; ఏడో తరగతి పూర్తి కావస్తుండగా కాంటాక్ట్ లెన్సులు వచ్చాయి. ఈ రెండింటి మధ్య కాలంలో ఆమె చూపు ఎంత తగ్గిందో డాక్టరు రాసిన చీటీలలో అంకెలతో సహా ఉంది. అదే కాలంలో తనను గురించి తాను ఏమనుకుంటూ వచ్చిందో తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలా ఓపిక పట్టింది. నేను పరకాల వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఆ ఈడు పిల్లలు రోజూ నా కళ్ళ ముందే ఉంటారు. అందువల్ల ఇంట్లో గమనించినదానికి బడిలో గమనించినదాన్ని కూడా జోడించి రాస్తున్నాను. పిల్లలకు లెన్సులు పెట్టించాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు ఇది ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

సైటు ఉన్నట్టు మొదట గుర్తించినది తరగతి టీచరు. నల్లబల్ల మీద రాసినది చూడకుండా పక్కపిల్ల నోటుపుస్తకంలోకి చూసి రాసుకుంటోందని ఆమె కబురు పెట్టారు. హన్మకొండలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. గోడమీది అక్షరాల పట్టికలో పై వరుసలు చదివి, ఆ తరువాత ఊహించి చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళలో చుక్కలు వేసి, కనుపాపలు పెద్దవయ్యే దాకా కూర్చోబెట్టి, ఆ తరువాతే పవర్ చూశారు. దీని గురించి ఒక మాట చెప్పాలి. పిల్లల కంట్లో దగ్గరి చూపుకు పనిచేసే కండరం చాలా చురుకుగా ఉంటుంది. మందుతో దాన్ని సడలించకుండా మిషన్ మీద చూస్తే, నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ మైనస్ పవర్ (దూరపు చూపు సరిగా లేనప్పుడు ఇచ్చే పవర్) కనబడే అవకాశం ఉంది. అందుకని పిల్లలకు మొదటిసారి అద్దాలు వేయించేటప్పుడు దుకాణంలో చేసే కంప్యూటర్ పరీక్ష ఒక్కటే చాలదు. మా అమ్మాయికి కుడి కంటికి మైనస్ 1.75, ఎడమ కంటికి మైనస్ 2.00 వచ్చింది.

ఫ్రేము ఎంపిక పూర్తిగా తనకే వదిలేశాం. దుకాణదారు ఆడపిల్ల కదా అని గులాబీ రంగు ఫ్రేములన్నీ బల్ల మీద పరిచాడు. తను మందపాటి ముదురు నీలం ఫ్రేము తీసుకుంది. పిల్లలు ఆడుతూ పడిపోతారు కనుక పగిలి కంట్లో గుచ్చుకోని పాలికార్బనేట్ అద్దాలు వేయించాం. అద్దాలు చేతికి వచ్చిన రోజు బస్టాండులో నిలబడి, దూరం నుంచి వస్తున్న ప్రతి బస్సు బోర్డునూ బిగ్గరగా చదివింది: ములుగు, ఏటూరునాగారం, నర్సంపేట, జనగామ. ఆ రోజున అద్దాలంటే ఆమెకు సంతోషం తప్ప మరొకటి లేదు. ఈ సంగతిని నేను ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే అద్దాలు పెట్టుకోగానే పిల్లకు తనంతట తానే నామోషీ పుడుతుందని చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో అలా జరగలేదు.

ఆ వారాంతంలో ఊరికి వెళ్ళినప్పుడు మా అత్తమ్మ మనవరాలి ముఖం రెండు చేతులతో పట్టుకుని, "అయ్యో బిడ్డా, గింత చిన్నగున్నప్పుడే అద్దాలొచ్చెనా? ఆడపిల్లవైతివి, రేపు నీ పెండ్లెట్లయితదే" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆమె ప్రేమలో ఏ లోపమూ లేదు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి, టీవీ ఎక్కువ చూసిందా, ఆకుకూరలు తినదా, మీ వైపు ఎవరికైనా ఉందా అని అడిగారు. ఆ రాత్రి పక్కలో పడుకుని మా అమ్మాయి, "అమ్మా, నాకేమన్నా అయిందా?" అని అడిగింది. సైటు ఉందని డాక్టరు చెప్పినప్పుడు అడగని ప్రశ్న అది. తనకు ఏదో కీడు జరిగిందన్న భావం ఆమెకు అద్దాల వల్ల రాలేదు, అద్దాలను చూసి పెద్దవాళ్ళు పడిన జాలి వల్ల వచ్చిందని నాకు అప్పుడే అర్థమైంది. కొన్నాళ్ళకు కంటి వెలుగు (తెలంగాణ ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం) రెండో విడత శిబిరాలు 2023 జనవరిలో మొదలై మా ఊరికీ వచ్చాయి. అక్కడ మా అత్తమ్మ కూడా దగ్గరి చూపుకు అద్దాలు తీసుకున్నారు. ఆమెను చూసి ఎవరూ అయ్యో అనలేదు. అరుగు మీద కూర్చుని అద్దాలు సవరించుకుంటూ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే, బాగున్నాయన్నారు. ఆరుపదుల వయసులో పనిముట్టు అనిపించేది తొమ్మిదేళ్ళ వయసులో లోపం అనిపించడం పిల్లలు పుట్టించుకున్న ఆలోచన కాదు.

బడిలో మాటలు ఆ తరువాత మొదలయ్యాయి. "సోడాబుడ్డి" అన్న పేరు మన దగ్గర తరతరాలుగా నడుస్తోంది. గోలీసోడా ఎన్నడూ చూడని పిల్లలు కూడా అదే మాట అంటున్నారు. ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో ఏడెనిమిదేళ్ళ పిల్లల మీద జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2005లో వెలువడింది. అద్దాలు పెట్టుకున్న పిల్లలు తోటివారి చేతిలో ఏడిపింపులకు గురయ్యే అవకాశం మిగతావారికన్నా సుమారు 35 శాతం ఎక్కువని అందులో తేలింది. మన దగ్గర పిల్లలు వేరుగా ఉంటారని నాకు అనిపించదు. నేను టీచరుతో మాట్లాడాను. ఆమె తరగతిలో ఎవరినీ పేరు పెట్టి మందలించకుండా, కంటి పాఠం చెప్పే రోజున అద్దాలున్న పిల్లలందరినీ తమ పవర్ గురించి తామే వివరించమన్నారు. ఆ మాటలు పూర్తిగా ఆగిపోలేదు కానీ వాటి పదును తగ్గింది.

ఏటేటా పవర్ పెరుగుతూ వచ్చింది. ఏడో తరగతికి వచ్చేసరికి కుడికి మైనస్ 4.50, ఎడమకు మైనస్ 4.75. కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండవలసినదానికన్నా పొడవుగా పెరగడం వల్ల ఇది వస్తుందని, ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగినా 2.50 నుంచి 3.00 దాకా పవర్ మారుతుందని డాక్టరు వివరించారు. పెరుగుదల నెమ్మదించడానికి తక్కువ గాఢత గల అట్రోపిన్ చుక్కలు రాత్రిపూట వేయమన్నారు, రోజూ పగటి వెలుతురులో ఆరుబయట గడపమన్నారు. ఆ రెండూ చేస్తున్నాం.

ఈ దశలోనే నాకు ఒక విషయం కంటబడింది. పాత ఫోటోలన్నీ ఒక చోట చేర్చుతూ సద్దుల బతుకమ్మ నాటి ఫోటోలు వరుసగా పెట్టి చూశాను. వేయిస్తంభాల గుడి ముందు, పద్మాక్షి గుట్ట కింద, మా వీధి చివర, ఎక్కడ తీసిన ఫోటో అయినా మా అమ్మాయి ఎడమ చేయి వెనక్కి ఉంది. చేయి కనిపించిన ఒకటి రెండు ఫోటోలలో పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిట్లో అద్దాలున్నాయి. ఫోటో అనగానే తీసి దాచుకుంటోంది. మేము ఎవ్వరమూ తీయమని చెప్పలేదు. కుదురుగా నవ్వుతున్న ముఖం మీద ముక్కుకు రెండు వైపులా ఫ్రేము ఒత్తిన గుర్తులు మాత్రం స్పష్టంగా కనబడుతున్నాయి.

పేరిణి లాస్యం నేర్చుకునే తరగతిలో కూడా ఇటువంటిదే జరుగుతోంది. వేదిక మీద అద్దాలు పెట్టుకోకూడదన్నది అక్కడి పద్ధతి. అంత పవర్ ఉన్న కన్నుకు అద్దాలు లేకపోతే జానెడు దూరం దాటినది ఏదీ స్పష్టంగా ఉండదు. వేదిక అంచు ఎక్కడుందో, పక్క పిల్ల ఎంత దూరంలో ఉందో తెలియక అడుగులు చిన్నవిగా వేయడం అలవాటైంది. గురువు గారు అది ధైర్యం చాలక అనుకుని వెనుక వరుసలో నిలబెట్టారు. పిల్ల కూడా తనకు నాట్యం రాదనే అనుకోసాగింది. చూపులో ఉన్న ఇబ్బంది ఆమె మనసులో చేతగానితనంగా మారిపోయింది. ఏడిపింపులకన్నా ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అద్దాలలో నీకు నచ్చనిది ఏమిటో చెప్పమని అడిగాను. నచ్చవు అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా, ఏ సమయంలో, ఎక్కడ, ఎవరి ముందు అని అడుగుతూ పోతే విషయం బయటికి వచ్చింది. ఇంట్లో ఉన్నప్పుడు ఇబ్బంది లేదు, చదువుకునేటప్పుడు లేదు, నిజానికి తరగతిలో అద్దాలుండడం తనకు ఇష్టమే. ఇబ్బందల్లా నాట్యం, ఖోఖో, పెళ్ళిళ్ళు, ఫోటోలు. చివరికి ఇంకో మాట చెప్పింది: "అద్దాలల్ల నా కండ్లు చిన్నగ కనబడ్తయమ్మా." ఇటువంటప్పుడు నువ్వు చక్కగానే ఉన్నావు అని సముదాయించడం మనకు అలవాటు. కానీ ఆమె చెప్పినది వాస్తవం. మైనస్ అద్దం వెనుక ఉన్న కన్ను చిన్నదిగానే కనబడుతుంది, పవర్ పెరిగినకొద్దీ ఇంకా చిన్నదవుతుంది. పిల్ల అద్దంలో తన కళ్ళతో చూసుకున్నదాన్ని మనం లేదనేస్తే, తరువాత ఏ సంగతీ మనతో చెప్పదు. నీవు చూసినది సరైనదేనని చెప్పి, కాగితం మీద కిరణాల బొమ్మ గీసి కారణం వివరించాను. చిన్న ఫ్రేములో పలుచటి హై ఇండెక్స్ అద్దాలు వేయిస్తే అంచుల మందం తగ్గింది, దానితో కొంత ఊరట కలిగింది. లెన్సుల గురించి మొదట అడిగినది తనే.

ఇంట్లో అంత సులభంగా ఒప్పుకోలేదు. కంట్లో ప్లాస్టిక్కు పెడతారా అని అత్తమ్మ, ఈ వయసులో ఎందుకని మా వారు అన్నారు. మరోవైపు ఒక కళ్ళద్దాల దుకాణంలో ఏ పరీక్షా లేకుండానే పవర్ చెబితే చాలు, కావాలంటే నీలం రంగువి, ఆకుపచ్చ రంగువి కూడా ఉన్నాయన్నారు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. నల్లగుడ్డు వంపు కొలవకుండా, రెప్ప లోపలి భాగం చూడకుండా పన్నెండేళ్ళ పిల్ల కంట్లో ఏ లెన్సూ పెట్టకూడదు. రంగు కోసం పెట్టుకునే లెన్సుకైనా ఇదే వర్తిస్తుంది.

మా డాక్టరు వయసు గురించి పట్టుబట్టలేదు. నన్ను కూర్చోమని, పిల్లను దగ్గరికి పిలిచి, "లెన్సులు నీకు కావాల్నా, మీ అమ్మకు కావాల్నా?" అని అడిగారు. చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కుంటావు, నీ బ్యాగు ఎవరు సర్దుతారు, కన్ను ఎర్రబడితే పెళ్ళి ఉన్నా సరే తీసేస్తావా అన్నారు. తను మూడింటికీ ఆలోచించి జవాబు చెప్పింది. ఆ తరువాత నల్లగుడ్డు వంపు కొలిచారు, రెప్పలు తిప్పి చూశారు, కన్నీటి పొర ఎంతసేపు నిలుస్తుందో పరీక్షించారు. ఏ రోజుకారోజు పారేసే లెన్సులు రాశారు. నిలువ పెట్టే డబ్బా, అందులో పోసే ద్రావణం అవసరం ఉండదు కనుక శుభ్రత విషయంలో పొరపాట్లకు తావు తక్కువ. లెన్సు పవర్ అద్దాల పవర్ కన్నా కాస్త తక్కువగా, మైనస్ 4.25, మైనస్ 4.50 గా రాయడం చూసి తప్పేమోనని అడిగాను. అద్దానికీ కన్నుకూ మధ్య ఉండే దాదాపు 12 మిల్లీమీటర్ల ఖాళీ లెన్సుకు ఉండదు కనుక, మైనస్ 4 దాటిన పవర్లకు ఆ మేరకు తగ్గిస్తారని చెప్పారు.

పెట్టుకోవడం, తీయడం తనంతట తాను చేయగలిగే దాకా లెన్సులు ఇంటికి ఇచ్చేది లేదని ఆప్టోమెట్రిస్టు (చూపు పరీక్షించి లెన్సులు అమర్చే నిపుణురాలు) ముందే చెప్పింది. ఇది చాలా మంచి నియమం. సబ్బుతో చేతులు కడిగి, పీచు రాలని గుడ్డతో తుడుచుకుని, తడి లేని చూపుడువేలి కొస మీద లెన్సును నిలబెట్టాలి. పక్క నుంచి చూస్తే అంచులు గిన్నె అంచుల్లా నిటారుగా ఉండాలి. బయటికి వాలి ఉంటే తిరగబడిందని అర్థం. ఒక చేతి వేలితో పై రెప్పను వెంట్రుకల మొదట్లో పట్టి ఎత్తాలి, ఇంకో చేతి నడిమి వేలితో కింది రెప్పను లాగాలి, అప్పుడు లెన్సును తాకించాలి. మొదట్లో వేలు దగ్గరికి వస్తుండగానే కన్ను మూతపడిపోయేది, లెన్సు రెప్పవెంట్రుకలకు అంటుకుని ముడుచుకునేది. నేను సాయం చేయడానికి లేస్తే ఆప్టోమెట్రిస్టు, "మీరు ముట్టకండి మేడం, తననే చేసుకోనివ్వండి" అని ఆపింది. ఆ పూట కుదరలేదు, మళ్ళీ రమ్మంది. తరువాతి పూటల్లో ఒక కంటికి పట్టు దొరికింది, రెండో కంటికి కూడా దొరికింది. తీయడం ఇంకా కష్టం: పైకి చూస్తూ లెన్సును నల్లగుడ్డు మీద నుంచి తెల్లగుడ్డు మీదికి జరిపి, బొటనవేలు చూపుడువేలు మెత్తటి భాగాలతో మెల్లగా గిల్లినట్టు పట్టి తీయాలి. గోళ్ళు కత్తిరించుకోమని నేను ఎన్నిసార్లు చెప్పినా వినని పిల్ల, అప్పటి నుంచి తనే వారం వారం కత్తిరించుకుంటోంది.

కంటి మీద లెన్సు సర్దుకున్నాక తను చేసిన మొదటి పని, కుర్చీలోంచి లేచి, తల అటూ ఇటూ వేగంగా తిప్పి చూడడం. ఫ్రేము అంచు అడ్డం లేకుండా పక్క చూపు కూడా తేటగా ఉండడం చూసి, వెంటనే పేరిణి అడుగు ఒకటి వేసి చూపించింది.

నియమాలు ఇంట్లో అల్మారా తలుపు మీద తన చేతిరాతతోనే ఉన్నాయి. లెన్సులతో నిద్రపోకూడదు, స్నానం చేయకూడదు, ఈత కొట్టకూడదు. లెన్సుకు నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు తగలనివ్వకూడదు. ఆ నీళ్ళలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డును తీవ్రంగా దెబ్బతీయగలదు. కాటుక, మేకప్పు లెన్సు పెట్టుకున్న తరువాతే. మిరపకాయలు ముట్టిన చేతితో అసలే కాదు. కన్ను ఎర్రబడినా, నొప్పి వచ్చినా, చూపు మసకబారినా తీసేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. బ్యాగులో అద్దాలు తప్పకుండా ఉండాలి. వారంలో కొన్ని రోజులు మాత్రమే లెన్సులు, మిగతా రోజులు అద్దాలు అని తనే నిర్ణయించుకుంది. దానివల్ల ఖర్చు కూడా అదుపులో ఉంది, ఎందుకంటే రెండు కళ్ళకు రెండు వేర్వేరు పవర్ల పెట్టెలు కొనాలి.

లెన్సులు ఆమెలో ఏం మార్చాయి? ఇక్కడ అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం గురించి చెప్పాలి, ఎందుకంటే నేను ఇంట్లో చూసినదానికి అది చాలా దగ్గరగా ఉంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ వాలైన్ బృందం 8 నుంచి 11 ఏళ్ళ వయసు పిల్లలు 484 మందిని చీటీలు తీసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అద్దాలు, ఇంకొక జట్టుకు మెత్తటి లెన్సులు ఇచ్చి మూడేళ్ళు గమనించింది. ఫలితాలు 2009లో వెలువడ్డాయి. మొత్తం మీద తన విలువ గురించి పిల్లకు ఉండే భావనలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తన రూపం, ఆటల్లో తన సామర్థ్యం, తోటివారు తనను కలుపుకోవడం, ఈ మూడింటి విషయంలో మాత్రం లెన్సుల జట్టు పిల్లలు తమను తాము మెరుగ్గా భావించుకున్నారు. మొదటి నుంచీ అద్దాలు ఇష్టం లేని పిల్లలకైతే చదువు విషయంలో కూడా నమ్మకం పెరిగింది. ఈ అధ్యయనానికి లెన్సులు తయారుచేసే జాన్సన్ అండ్ జాన్సన్ విజన్ కేర్ సంస్థ నిధులు ఇచ్చింది, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. అయినా మొత్తం విలువ మారలేదన్న ఫలితాన్ని కూడా వారు దాచకుండా ప్రకటించారు కనుక నాకు దాని మీద గౌరవం ఉంది.

మా అమ్మాయిలోనూ మార్పు సరిగ్గా ఆ మేరకే వచ్చింది. నాట్యంలో అడుగు పెద్దదైంది. గురువు గారు తనంతట తానే ముందు వరుసకు మార్చారు. ఖోఖోలో తరిమేవాళ్ళను పక్కచూపుతో పసిగట్టి తప్పించుకుంటోంది. ఫోటోలలో రెండు చేతులూ కనబడుతున్నాయి. అయితే కొత్తవాళ్ళ ముందు బిడియం అలాగే ఉంది. లెక్కల్లో తక్కువ మార్కులు వస్తే తనకేమీ రాదని బాధపడడం అలాగే ఉంది. స్నేహితురాలితో మాట పడితే రెండు రోజులు అన్నం సరిగా తినకపోవడం అలాగే ఉంది. అవి కళ్ళకు సంబంధించినవి కావు, వాటికి వేరే విధంగా దగ్గర కూర్చోవాలి. లెన్సులు పెట్టిస్తే పిల్ల స్వభావమే మారిపోతుందని ఆశ పెట్టుకున్న తల్లులు నాకు తెలుసు. అటువంటి ఆశను పిల్ల మీద పెట్టడం న్యాయం కాదు.

మొదటిసారి లెన్సులతో బడికి వెళ్ళిన రోజున ఒక స్నేహితురాలు, "అద్దాలు పెట్టుకుంటెనే నువ్వు నువ్వులెక్క ఉంటవే" అన్నదట. ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెబుతూ సంతోషపడింది. అద్దాల ముఖాన్ని కూడా ఇష్టపడినవాళ్ళు ఉన్నారని తెలియడం ఆమెకు అవసరమే.

మా బడి పిల్లలకు లెన్సులు కొనే స్తోమత ఉండదు, వాళ్ళ సంగతి అద్దాలతోనే తేలాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చి పరీక్షించి వెళుతుంది, అద్దాలు వస్తాయి, వారం తిరిగేసరికి సగం అద్దాలు సంచుల్లోకి చేరతాయి. తొమ్మిదో తరగతి అబ్బాయిలు బేలగా కనబడతామని పెట్టుకోరు. ఆడపిల్లలు బడిలో పెట్టుకుని, ఊరి మలుపు రాగానే తీసేస్తారు. నేను ఇప్పుడు చేస్తున్న పని ఇది: అద్దాలు ఇచ్చే రోజున తల్లినో, నానమ్మనో, మేనత్తనో బడికి పిలిపించి, పిల్ల అద్దాలు పెట్టుకుని బోర్డు మీది చివరి వరుస చదవడం వాళ్ళ కళ్ళతో చూడనిస్తాను. పిల్ల చదివినప్పుడు వాళ్ళ ముఖంలో వచ్చే సంతోషం పిల్లకు కనబడాలి. అలా వచ్చిన ఒక నానమ్మ, "ఇన్నొద్దులు గిది కనబడకనే సదివిందా సారూ" అని మా హెడ్మాస్టరు గారిని అడిగింది. ఆ పిల్ల ఇప్పుడు అద్దాలు తీయడం లేదు.

మా అమ్మాయికి ఆరు నెలలకోసారి పరీక్ష ఉంటుంది. ఈసారి పవర్ మారకపోవచ్చని డాక్టరు ఆశిస్తున్నారు. మారితే లెన్సులు కూడా మార్చాలి కనుక, పెట్టెలు ఎప్పటికప్పుడు నెలకు సరిపడా మాత్రమే కొనమన్నారు. దుకాణంలో పవర్, వంపు అంకెలు తనే చెప్పి, పెట్టె మీద గడువు తేదీ కూడా చూసి తీసుకుంటోంది. కొత్త ఫ్రేము కూడా ఎంచుకుంది. ఈసారిది ఎర్రటిది, పాతదానికన్నా పెద్దది.